పది డ్రమ్ములు, ఒక కొబ్బరికాయ

బుక్కరాయసముద్రం,
9 మార్చి 2026

అక్కా,

నీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయాక నాకు మళ్లీ ఉత్తరాలు రాసే యోగం పట్టింది. యోగం అన్నానని మా సంఘంలో ఎవరికీ చెప్పకు.

మొన్న మూడో తేదీ సాయంత్రం చంద్రగ్రహణం కదా. మా ప్రశ్న మిత్రమండలి తరఫున అనంతపురంలో రోడ్డు పక్కన బల్ల వేసి ఉగ్గాని, బజ్జీలు పెట్టాం. గ్రహణం వదలకముందే తినాలని షరతు. కాసేపు ఎవరూ దగ్గరికి రాలేదు. ఒక ఆటో డ్రైవరు వచ్చి "తింటే ఏమైతాది సారూ" అని అడిగాడు. "కారం ఎక్కువైంది, ముక్కు కారుతుంది" అన్నాను. తిన్నాడు. ఆయన బతికి ఉండటం చూసి ఇంకో పదిమంది వచ్చారు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షాకీర్ అని ఒకతను మా ఉపన్యాసాలకు నెల నెలా బస్సెక్కి వస్తాడు. ఆ రోజు రంజాన్ రోజాలో ఉన్నాడు. పొద్దు గూకగానే ఖర్జూరంతో రోజా విడిచి, బజ్జీ అందుకుని, "నాకు రెండు పనులూ ఒకేసారి అయిపోయినాయి" అన్నాడు. నువ్వు ఉంటే అతన్ని రెండు తిట్టి ఇంకో రెండు బజ్జీలు పెట్టేదానివి.

అసలు సంగతికి వస్తాను. ప్రతి నెలా రెండో ఆదివారం మేము ఎవరో ఒకరి చేత మాట్లాడిస్తాం, తర్వాత అందరం కలిసి తింటాం. ఏప్రిల్ పన్నెండున విషయం నీళ్లు. భూమిలో నీరు ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఒకాయన వస్తున్నాడు. కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషిని కూడా పిలిచి ఆ పని అందరి ముందు చేయిస్తే బాగుంటుందని మావాళ్లు అన్నారు. బావ పేరు నేనే చెప్పాను. అరచేతిలో కాయ పెట్టుకుని ముప్ఫై ఏళ్లుగా చేలల్లో తిరుగుతూ, కాయ లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటే బయట వెతకడం ఎందుకు? వేదిక మీద కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం. ఈ జాబు బావకు చదివి వినిపించి, ఏమన్నాడో రాయి.

నీ తమ్ముడు,
దాదా ఖలందర్


కంబదూరు,
17 మార్చి 2026

తమ్ముడు ఖలందర్‌కు,

నువ్వు సలాం రాయవు కాబట్టి నీది కూడా కలిపి నేనే చెప్పుకున్నా.

జాబు చదివి వినిపిస్తే మీ బావ పరుపు కుట్టే సూది పక్కన పెట్టి "ఇంగోసారి చదువు" అన్నాడు. చదివినా. "కుర్చీ అని రాసినాడా?" అన్నాడు. రాసినాడన్నా. ఆ పొద్దు ఇంగ సూది ముట్టలేదు.

నీకు తెలియనిది కాదు. మన ఇండ్లల్లో మగోళ్లు దూది ఏకి, పరుపులు కుట్టి బతికినోళ్లు. పని అయిపోతే దుడ్లు చేతిలో వేసి పంపుతారు, కూచోమనేవాళ్లు తక్కువ. అదే మీ బావ కాయ చేతికి తీసుకున్న పొద్దు మాత్రం పెద్ద పెద్ద రైతులు మోటారు సైకిలు తెచ్చి మన వాకిట్లో నిలబడతారు. "పకీరప్ప సామీ, రాండి" అంటారు. మంచం మీద దుప్పటి పరిచి కూచోబెడతారు. ఇంగ టౌనులో, చదువుకున్నోళ్ల నడుమ కుర్చీ అంటే ఆ మనిషికి ఎట్లుంటుందో నువ్వే అనుకో.

మా పక్కింటి చిన్నక్క గుర్తుండాది కదా. మొగుడు పోయినాక నాలుగెకరాల చీనీకాయల తోట ఒక్కతే చూసుకుంటాండాది. రెండు బోర్లూ ఎండిపోయినాయి. రెండోదానికి చోటు చూపించింది మీ బావే, ఆర్నెల్లు నీళ్లు పోసి ఆగిపోయింది. చెట్లు ఆకు ముడుచుకున్నాయి. మెడలో గొలుసు అమ్మి ఆఖరు బోరు వేయిస్తుందంట. అది పడకుంటే ఆమెకు గొలుసూ లేదు, తోటా లేదు. చోటు చూపమని మళ్లీ మీ బావనే అడిగింది. "సన్మానం అయిపోనీ, చూపిస్తా" అన్నాడు. బోరుబండికి ఏప్రిల్ ఇరవైకి చెప్పి పెట్టుకుంది.

సన్మానం సంగతి నేను వీధంతా చెప్పినా. మా వీధి ఓబులేష్ ఆటోలో ఎనిమిది మంది వస్తారు, వాళ్లకూ ఉగ్గాని పెట్టల్ల. మీ బావ తెల్ల పంచె కొన్నాడు. నేను మాత్రం రాను. మైకు సప్పుడుకు నా చెవుల్లో ఈల పడుతుంది.

మీ అక్క,
మాబీ


బుక్కరాయసముద్రం,
25 మార్చి 2026

అక్కా,

పండగ బాగా జరిగిందనుకుంటాను. నేను నమాజుకు పోలేదు గానీ సేమ్యా మాత్రం నాలుగిళ్లలో తిన్నాను.

హాలు దొరకడం లేదు. కిందటి నెల పాముకాటు మీద ఉపన్యాసం పెట్టిన కల్యాణ మండపం వాళ్లు ఈసారి ఇవ్వం అన్నారు. గ్రహణం రోజు తిన్నవాళ్లు అడుగు పెడితే పెళ్లిళ్లు కుదరవని ఎవరో వాళ్లకు చెప్పారట. చివరకు మా ఊళ్లో ఒక ఖాళీ స్థలం దొరికింది. షామియానా వేయిస్తున్నాం.

సన్మానం అన్నావు. నేను ఆ మాట రాయలేదు అక్కా. అయినా అంతకంటే మర్యాదగానే చూసుకుంటాం. కార్యక్రమం ఎలా ఉంటుందో బావకు కొంచెం చెప్పు. పది డ్రమ్ములు వరసగా పెట్టి గోనెపట్టలు కప్పి ఉంచుతాం. కొన్నింటిలో నీళ్లుంటాయి, కొన్నింటిలో ఉండవు. వేటిలో ఉన్నాయో బావ కాయతో చూసి చెప్పాలి. చిన్న పరీక్ష లాంటిది అనుకో. జనానికి సరదాగా ఉంటుంది.

అంతమంది ఆటోలో ఎందుకు? ఎండలు ముదిరాయి. బావ ఒక్కడూ బస్సులో వస్తే నేను స్టాండుకు వచ్చి తీసుకెళ్తాను.

నీ తమ్ముడు,
ఖలందర్


కంబదూరు,
1 ఏప్రిల్ 2026

ఖలందరూ,

మా వాళ్లు ఆటోలో వస్తే నీకు నామోషీగా ఉంటే ఉండాదని రాయి, ఎండ మీద పెట్టొద్దు. ఎండ మాకు కొత్త కాదు. వాళ్లందరూ నీ మాట విని కాదు, నా మాట విని బయలుదేరినారు. ఇప్పుడు వద్దని ఏ మొగం పెట్టుకుని చెప్పేది?

డ్రమ్ముల సంగతి చదివినా. మీ బావ నవ్వి "బడిపిల్లోళ్ల ఆట మాదిరి ఉండాదే" అన్నాడు. నవ్వినాడు గానీ ఆ సాయంత్రం పెరట్లో రెండు బిందెలు బోర్లించి, వాటి చుట్టూ కాయ పట్టుకుని తిరిగినాడు. నేను చూసినానని తెలిసి కాయ దించేసినాడు.

నాకు ఒక మాట చెప్పు. నువ్వు ముప్ఫై మూడేండ్లు బడిలో సైన్సు చెప్పినోడివి. మీ బావ కాయ చేతబట్టుకుని తిరుగుతుంటే నువ్వు ఏ పొద్దూ అవుననలేదు, కాదనలేదు. ఇంటికి వచ్చి అన్నం తిని పోయినావు, అంతే. ఇప్పుడు అడుగుతాండా. నీళ్లు చూసేది నిజమా, కాదా? పరీక్ష అని రాసినావే, పాసవుతాడని పిలిచినావా, తప్పుతాడని పిలిచినావా? తిప్పి తిప్పి రాయొద్దు. నేను ఏడో తరగతే చదివినా గానీ, తిప్పి రాసింది తెలుసుకోలేనంత మొద్దును కాదు.

మీ అక్క


బుక్కరాయసముద్రం,
5 ఏప్రిల్ 2026

అక్కా,

తిప్పకుండా రాస్తున్నాను. నిజం కాదు.

కాయ లేవడం నిజం. బావ దొంగతనంగా లేపుతున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు. మనసు ఇక్కడ నీళ్లున్నాయి అనుకోగానే చేతి నరాలు మనకు తెలియకుండానే కొంచెం కదులుతాయి. గుండ్రటి కాయకు అంత కదలిక చాలు. కానీ కింద నీళ్లున్న సంగతి కాయకూ తెలియదు, చేతికీ తెలియదు. బోరు పడితే సామి మహిమ అంటారు, పడకపోతే రైతు అదృష్టం బాగలేదంటారు. పడనివాటిని ఎవరూ గుర్తు పెట్టుకోరు.

తప్పుతాడనే పిలిచాను. ఊరూరా జనం ఇలాంటి చూపు నమ్మి బోర్లు వేసి మునిగిపోతున్నారు, ఒక్కసారి అందరి కళ్ల ముందు తేలిపోతే కొందరైనా ఆగుతారని నా ఆశ. ఆ ఆశ తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. నా తప్పు వేరే ఉంది. నిజం చెప్పేవాళ్లమని సంఘం పెట్టుకుని, పిలుపులోనే మోసం రాశాను. పరీక్ష అని మొదటే రాస్తే బావ రాడేమో అని భయపడ్డాను. కుర్చీ, శాలువా ముందు పెట్టాను. బావకు ఫోన్ చేసి చెప్పేద్దామని నాలుగుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. మీ పెళ్లయిన కొత్తలో నన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్లిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఈ జాబు బావకు మొత్తం చదివి వినిపించు. రానంటే రావద్దు. ఒంట్లో బాగాలేదని నేను సంఘంలో చెప్పుకుంటాను.

ఖలందర్


బుక్కరాయసముద్రం,
13 ఏప్రిల్ 2026

అక్కా,

బావ ఇంటికి చేరే ఉంటాడు. ఏమి చెప్పాడో నాకు తెలియదు. నేను చూసింది రాస్తాను.

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు కాబట్టి రాడనుకున్నాను. తొమ్మిదింటికి ఓబులేష్ ఆటో వచ్చి ఆగింది. తెల్ల పంచెతో దిగాడు. నా జాబు విని కూడా వచ్చాడంటే కోపంతో వచ్చాడేమో అనుకున్నాను. "బాగుండావా ఖలందరూ" అని భుజం మీద చెయ్యి వేశాడు. కుర్చీలో కూచోబెట్టాం. షాకీర్ శాలువా కప్పాడు.

డ్రమ్ములు నింపింది మా సంఘంలో నాజ్‌నీన్ అనే అమ్మాయి. ఒక్కో డ్రమ్ముకు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే నీళ్లు పోసి, అందరూ రాకముందే వెళ్లిపోయింది. అక్కడున్న మాలో ఎవరికీ జవాబు తెలియదు. తెలిస్తే మా ముఖాలు చూసి కనిపెట్టవచ్చు కదా, అందుకు. బావ కాయ పట్టుకుని ఒక్కో డ్రమ్ము చుట్టూ నిదానంగా తిరిగాడు. రెండు వందల మంది చూస్తున్నారు. కాయ లేచినప్పుడల్లా మీ వాళ్లు చప్పట్లు కొట్టారు. గోనెపట్టలు తీశాం. పదింటికి నాలుగు సరిపోయాయి.

మావాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. అది నేను మర్చిపోలేను. ఓబులేష్ లేచి "డ్రమ్ములో నీళ్లు వేరు, భూమిలో నీళ్లు వేరు. ఇది లెక్కలోకి రాదు" అని అరిచాడు. నాకు నిజంగా ప్రాణం లేచి వచ్చింది. బావ ఆ మాట పట్టుకుని బయటపడితే బాగుండునని కోరుకున్నాను. సంఘం కార్యదర్శిని నేను.

బావ పట్టుకోలేదు. "నీళ్లు నీళ్లే కదప్పా" అన్నాడు. "మళ్లీ కలిపి పెట్టండి, ఇంగోసారి చూస్తా" అన్నాడు. నాజ్‌నీన్‌ను పిలిపించి, అందరం పక్కకు వెళ్లాక మళ్లీ పెట్టించాం. ఈసారి ఆరు సరిపోయాయి. మీ వాళ్లు ఈలలు వేశారు. బావ మైకు అడిగాడు. ఆయన మైకు పట్టుకోవడం అదే మొదలనుకుంటాను, నోటికి ఆనించేశాడు.

"రెండుసార్లు కలిపితే ఇరవైకి పది. కాయ లేకుండా ఎవురైనా చెప్తారు ఆ పది. నాకు తెల్సిపాయ. మీకూ తెల్సిపాయ." అని నా వైపు తిరిగి, "కాయ లేసింది మీరందరూ చూసినారు. నేనైతే లేపలేదు. మరి ఎవురు లేపినారు సారూ?" అని నన్ను అడిగాడు.

నీకు రాసినదే చెప్పాను. చెయ్యి కదలకుండా బల్ల మీద ఆనించి, ఆ చేత్తో మళ్లీ కాయ పట్టించి చూపించాను. లేవలేదు. చాలాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, తినకుండానే ఆటో ఎక్కాడు. ఉపన్యాసం ఎవరూ వినలేదు. చాలామంది వచ్చి కార్యక్రమం గొప్పగా జరిగిందని నా చెయ్యి ఊపారు.

ఒక్క వాక్యమైనా రాయి.

ఖలందర్


కంబదూరు,
19 ఏప్రిల్ 2026

ఖలందరూ,

నీ జాబు నేను చదివి వినిపించలేదు.

ఐదో తేదీ రాసిన ఆ జాబు నేను ఒక్కదాన్నే చదువుకుని బియ్యం డబ్బా కింద పెట్టినా. ఏమి రాసినాడని మీ బావ అడిగితే "కుశలమే" అన్నా. కుర్చీ అని విన్న పొద్దు నుంచి ఆ మనిషి నడకే మారింది. అది నా నోటితో తీసేయలేకపోయినా. పాసవుతాడేమో అని కూడా ఒక మూల అనుకున్నా. నువ్వు రాసింది అంతా తెలిసి కూడా అనుకున్నా. నీ మోసానికి నా మోసం తోడైంది, కాబట్టి నిన్ను ఒక్కడినే తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాండా. నవ్వినోళ్ల పేర్లు రాసి పంపు.

మీ బావ ఇంటికి వచ్చి పంచె విప్పి మడిచి, నా ముందర కూచుని, నిదానంగా, నేను పెదాలు చూసి తెలుసుకునేటట్టు చెప్పినాడు. "ఆ జాబులో కుశలం కాదని నాకు తెలుసు మాబీ. చదివేటప్పుడు నీ మొగం చూసినా." మరి ఎందుకు పోయినావంటే, "మన చేనులో మూడు చోట్ల చూపిస్తి, మూడూ దుమ్మే లేసె. ఆ పొద్దు నుంచి నాకు అనుమానమే. కాయ లేస్తానే ఉండాది, జనం పిలుస్తానే ఉండారు. ఎవురన్నా ఒకరు నిలబెట్టి అడగల్ల కదా. చిన్నక్క గొలుసు అమ్మకముందే అడిగినారు, అంతవరకు మేలు" అన్నాడు.

నిన్న చిన్నక్క ఇంటికి పోయినాడు, నేనూ వెంట పోయినా. ఆటోలో పోయినోళ్లు ఫోన్లలో చూపించినారు, ఊరంతటికీ ముందే తెలుసు. అయినా తన నోటితో చెప్పల్ల అన్నాడు. ఆమె కూచోమనలేదు. "ఇప్పుడు చెప్తాండావా సామీ, నా రెండో బోరు చూపింది ఎవురు?" అనింది. "నేనే" అన్నాడు. "నాకు తెలియక చూపించినా. ఇప్పుడు తెలిసి చూపించలేను" అన్నాడు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. బోరుబండి రేపు రావల్ల. వద్దని చెప్పిందంట.

మంచి పని చేసినానని నువ్వు అనుకోవచ్చు. చేసినావేమో. ఈడ మాత్రం మా వాకిట్లో ఒక్క మోటారు సైకిలూ ఆగలేదు.

మాబీ


బుక్కరాయసముద్రం,
24 ఏప్రిల్ 2026

అక్కా,

నవ్వినవాళ్ల పేర్లు పంపను గానీ, నిన్న సమావేశంలో ఎందుకు నవ్వారని వాళ్ల ముఖం మీదే అడిగాను. ఒకరు తల దించుకున్నారు, ఇంకొకరు సంఘం మానేశారు. ఇకపై ఎవరినైనా పిలిస్తే, ఏమి చేయబోతున్నామో పిలుపులో మొదటి వరసలోనే రాయాలని తీర్మానం పెట్టాను. షాకీర్ బలపరిచాడు. ఇది నీకు ఓదార్పు కాదని తెలుసు.

చిన్నక్క తోట మాట ఆలోచిస్తూనే ఉన్నాను. నీళ్లు లేవని చెప్పడం నాకు వచ్చు. నీళ్లు తెచ్చి ఇవ్వడం రాదు. ఆ రోజు వచ్చిన భూగర్భ జలాల ఆయన్ని అడిగితే, ఆ వైపు ఎంత లోతుకు పోయినా నమ్మకం లేదన్నాడు. బోరు ఆపడం సరైనదే. కానీ సరైనదని చెప్పి నేను ఇక్కడ ఫ్యాను కింద కూచున్నాను, చెట్లు ఎండేది అక్కడ.

నేను వచ్చి బావను చూడాలి. రమ్మంటావా?

నీ తమ్ముడు


కంబదూరు,
3 మే 2026

తమ్ముడూ,

రమ్మనేదానికి నాకు ఇన్ని దినాలు పట్టింది. ముందు ఇది చదువు.

పదిహేను దినాలు మీ బావను ఎవరూ పిలవలేదు. పరుపుల పని కూడా రాలేదు. రచ్చకట్ట కాడికి పోతే మాటలు ఆపుతారంట. అన్నం పెడితే తింటాడు, లేకుంటే అడగడు. రేత్రిళ్లు కండ్లు తెరుచుకుని పండుకుంటాడు. నేను నీకు మనసులో రాసిన తిట్లన్నీ కాగితం మీద పెట్టింటే పోస్టుమాను మోసేవాడు కాదు.

నిన్న తెల్లవారి వాకిలి ఊడుస్తాండా. చిన్నక్క వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆ పొద్దు తలుపు వేసుకున్నాక మళ్లీ మా మొగం చూసింది లేదు. నేను చీపురు కింద పెట్టి ఆమె నోరు చూసినా. "పకీరన్న ఉండాడా?" అనింది. సామీ అనలేదు. మీ బావ బయటికి వచ్చినాడు. "చెట్లు కొట్టేవాళ్లు వచ్చినారన్నా. అంతా కొట్టేయమని చెప్పినా. మా ఆయన పెట్టిన చెట్లు, ఒక్కదాన్నే నిలబడి చూడలేను. వచ్చి నాతో కూచో" అనింది.

మీ బావ చెప్పులేసుకుని అట్లే పోయినాడు. మధ్యాన్నం నేను సద్ది తీసుకుని పోయినా. ఇద్దరూ గట్టు మీద కూచునుండారు. రంపం సప్పుడు నాకు వినపడలేదు గానీ కాళ్ల కింద తెలిసింది. చెట్టు పడినప్పుడల్లా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాది. మీ బావ ఆమె తట్టు చూడలేదు. పక్కన కూచున్నాడు, అంతే. ఆఖరు చెట్టు పడేదాకా కూచున్నాడు. ఆమె సద్ది తినకపోతే ఈయనా తినలేదు, ఈయన తినలేదని ఆమె రెండు ముద్దలు తినింది.

వచ్చేటప్పుడు దారిలో నన్ను ఆపి, నా మొగానికి ఎదురుగా నిలబడి, "మాబీ, కాయ లేదని తెలిసి కూడా పిలిచింది" అన్నాడు. రెండుసార్లు చెప్పినాడు, నాకు వినపడలేదేమో అని. మొదటిసారే తెలిసింది నాకు.

ఈ పొద్దు ఎండ నడింట్లోకి వచ్చినా మీ బావ ఇంకా నిద్ర లేయలేదు. లేపబుద్ధి కాలేదు. నువ్వు ఆదివారం రా.

మీ అక్క,
మాబీ